కొండపైకి పారిన కాలువ

మా ఆయన అబద్ధం ఎరగని మనిషని మా చుట్టాలందరూ అంటారు. ఆయనతో నలభై ఏళ్ళు దాటి కాపురం చేసిన నేను ఆ మాట ఒప్పుకోను. తన కోసం అబద్ధం ఆడరు, అంతవరకు నిజమే. నా కోసం ఆడతారు. నా కంట్లో శుక్లం తీయించిన రోజున, విజయవాడలో ఎవరిదో పెళ్ళని చెప్పి పట్టుచీర కట్టించి తీసుకెళ్ళారు. అంతకుముందు చేయించిన పరీక్షలన్నీ కొత్త కళ్ళజోడు కోసమేనని నమ్మించారు. ఆసుపత్రి మెట్ల దగ్గర కారు ఆగాక, "ముందే చెప్తే వారం రోజులు నిద్రపోవు కదా" అన్నారు. మా అమ్మ పోయినప్పుడు కూడా, ఒంట్లో నలతగా ఉందట, చూసొద్దాం రమ్మని బయల్దేరదీసి, బస్సు పామర్రు దాటాక అసలు సంగతి చెప్పారు.

ఇవన్నీ ప్రేమతో చేసినవేనని నాకు తెలుసు. అయినా నా సంగతి నాకే ఆఖరున తెలియడం నాకు సరిపడదు. ముప్పై ఏళ్ళ పైన బడిలో లెక్కలు చెప్పాను. జవాబు సరిగ్గా రాసినా మధ్యలో చేసిన పని చూపించకపోతే మార్కులు వేసేదాన్ని కాదు. అరవై ఐదు దాటాక నన్ను పట్టుకున్న దిగులు ఒక్కటే. రేపు మా ఇద్దరిలో ఎవరికైనా పెద్ద జబ్బు వస్తే, డాక్టరు చెప్పింది చెప్పినట్టు ఈయన నాతో చెప్తారా?

అందుకే పోయిన ఫిబ్రవరిలో ఆయన సెల్‌ఫోను పట్టుకుని వంటింట్లోకి వచ్చి, "జావా దీవిలో అగ్నిపర్వతాల మధ్య సైకిళ్ళ మీద తిప్పి చూపిస్తారట, వెళ్దామా?" అనగానే నేను అడిగిన మొదటి మాట, "ఎందుకు?"

"నువ్వే కదా అన్నావు, జన్మలో ఒక్క కొండైనా సైకిలు మీద ఎక్కాలని."

అన్నాను. ఎప్పుడో అన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాగాయలంకలో గది తీసుకుని, అవనిగడ్డ వైపు ఒక ఊరి బడికి సైకిలు మీద వెళ్ళొచ్చేదాన్ని. పదో తరగతికి ఎత్తులు, దూరాలు పాఠం వచ్చినప్పుడు నల్లబల్ల మీద కొండ గీస్తే, వెనక బెంచీవాళ్ళు "కొండెందుకండీ టీచరు గారూ, తాడిచెట్టు పెట్టుకోండి, మాకు తెలుస్తుంది" అనేవాళ్ళు. దివిసీమలో వాళ్ళు ఎక్కిన ఎత్తల్లా కృష్ణ కరకట్టే. సైకిలు తొక్కి నేను ఎక్కిందీ అదే. మా వైపు సైకిలు తొక్కేవాళ్ళ కష్టసుఖాలు గాలిని బట్టి ఉంటాయి. సాయంత్రం సముద్రపు గాలి ముఖాన కొడితే గంట దారి గంటన్నర అవుతుంది. గాలి పడిపోతే హాయి. రోడ్డుకు వాలు అనేది ఒకటుంటుందని మా కాళ్ళకు తెలియదు.

నీళ్ళకు వాలు ఉంటుందని మాత్రం నాకు చిన్నప్పుడే తెలుసు. మా నాన్న కాలువ మీద లస్కరు. లాకు తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. చూపుకు బల్లపరుపుగా కనిపించే పిల్లకాలువ బోదెలో గడ్డిపరక వేసి, అది ఎటు కదులుతుందో చూసి, ఏ చేను మెరకో ఏ చేను పల్లమో చెప్పేవారు. మేమూ పరకలు వేసి పందేలు కట్టేవాళ్ళం.

"వస్తాను. కానీ ఒక షరతు" అన్నాను. "నా కాళ్ళతో ఎక్కితేనే ఎక్కినట్టు. మోకాళ్ళ డాక్టరు ఏదో అన్నాడని నన్ను మధ్యలో వ్యాను ఎక్కించడం, దారి తగ్గించడం, ఇంకేదైనా మాయ చేయడం, వీటిలో ఏది జరిగినా ఇక మిమ్మల్ని దేనికీ నమ్మను."

"చెయ్యనంటున్నానుగా. దేవుడి మీద ఒట్టు."

"ఒట్టు పెట్టుకోకూడదని మీరే కదా సండే స్కూల్లో పిల్లలకు చెప్పేది."

"సరే, ఒట్టు లేకుండా చెప్తున్నాను. చెయ్యను."

నాకు అనుమానం రావలసిన చోట్లు ఇంకా ఉన్నాయి. మా వదిన, అంటే ఆయన అక్క, అవనిగడ్డలో ఉంటుంది. డెబ్భై దాటిన మనిషి, కీళ్ళ నొప్పులని రెండు వీధుల అవతల ఉన్న చర్చికి ఆటోలో వెళ్తుంది. ఆవిడ మే నెలలో ఉన్నట్టుండి, "నేనూ వస్తున్నాను. మీరు తొక్కండి, నేను వెనక వ్యానులో కూర్చుని చూస్తాను" అంది.

"జావాలో మీకేం పనండీ వదినగారూ?" అన్నాను.

"నీకేం పనో నాకూ అదే. నువ్వు పడితే లేవదీయడానికి మనిషి కావద్దూ?"

నవ్వాను గానీ, వ్యానులో నాకోసం చోటు ఉంచడానికే ఈవిడను తీసుకొస్తున్నారని లోపల రాసుకున్నాను.

వేసవి అంతా మా గుడివాడలో ఆదివారం ఆరాధన అయ్యాక అవనిగడ్డ వెళ్ళి, ఎండ తగ్గాక పులిగడ్డ వంతెన మీద అభ్యాసం చేశాం. మా ప్రాంతంలో మాకు దొరికిన కొండ అదే. ఎక్కడం, దిగడం, మళ్ళీ తిరిగి ఎక్కడం. వంతెన మొదట్లో టీ కొట్టాయన రెండు వారాలు చూసి ఊరుకుని మూడో వారం అడిగాడు.

"ఏమండీ టీచరు గారూ, అటూ ఇటూ ఒకటే తిరుగుతున్నారు. ఏమన్నా పారేసుకున్నారా?"

"మీ బావగారిని అడగండి" అన్నాను, వెనక రొప్పుకుంటూ వస్తున్న మా ఆయన్ని చూపించి.

"వయసు పారేసుకున్నాం బావా" అన్నారు ఆయన. మెడలో రుమాలు తీసి పిండితే నీళ్ళు కారాయి. ఆ రుమాలు నాకు బాగా గుర్తు. తర్వాత పనికొచ్చింది.

కాలువలకు నీళ్ళు వదిలే రోజుల్లో, జూలై మొదటి గురువారం బయల్దేరాం. ఇక్కడ నారుమళ్ళు పోస్తుంటే అక్కడ కొండవాలున మెట్లు మెట్లుగా కోతలు, ఊడ్పులు పక్కపక్కనే. ఒక మడిలో పండిన వరి, దాని కిందమడిలో లేత నాటు. ఇదేం వ్యవసాయమని వదిన, నేను కిటికీలోంచి చాలాసేపు వాదించుకున్నాం. మా గైడు ముప్పై ఏళ్ళ అమ్మాయి, ఆ కొండల్లో పుట్టిందే. మంచి ఇంగ్లీషు మాట్లాడుతుంది. సైకిళ్ళు ఆ అమ్మాయే తెచ్చింది. నాకిచ్చిన దాన్ని పైనుంచి కింది దాకా తడిమి చూశాను. వైర్లు లేవు. మా ఆయన సైకిలుకు కింది గొట్టం కొంచెం లావుగా ఉంది, హ్యాండిలు మీద అగ్గిపెట్టె అంత అద్దం ఉంది.

"అదేమిటి?" అన్నాను.

"ఎంత దూరం వచ్చామో చూపిస్తుంది" అన్నారు ఆయన. గైడు తన సైకిలు చెయిన్‌కు నూనె వేస్తూ తల ఎత్తలేదు.

మొదటి రోజు కష్టపడి తొక్కాను. గేర్లు ఎలా మార్చాలో ఆ అమ్మాయి ఓపిగ్గా నేర్పింది. దారి పక్కన మట్టి నల్లగా ఉంది, రైసు మిల్లు వెనక పోసిన ఊక బూడిదలాగా. ఎక్కడ తవ్వినా అదే. సాయంత్రానికి నా తొడలు మండిపోయాయి. మా ఆయన మాత్రం ఈలవేసుకుంటూ నా పక్కనే వచ్చారు. రుమాలు పొడిగా ఉంది. చూశాను. కొండ మీది చల్లదనమేమో అనుకున్నాను. నన్ను ఎలా మోసం చేస్తారా అని కాచుకుని కూర్చున్నదాన్ని, ఆయన రుమాలు సంగతి నాకెందుకు పడుతుంది?

రెండో రోజు అసలు సంగతి జరిగింది. ఆ రోజు మధ్యాహ్నానికి అగ్నిపర్వతం నోటి అంచు దాకా చేరాలి. పొద్దున్నే బయల్దేరాం. ఒక మలుపు తిరిగేసరికి ఎదురుగా ఆ పెద్ద కొండ ఆకాశమంతా ఆక్రమించి నిలబడింది. రోడ్డు తిన్నగా దానివైపు ఎక్కుతోంది. నేను గేరు తగ్గించి, ఊపిరి బిగించి, కష్టానికి సిద్ధపడ్డాను. కష్టం రాలేదు. కాళ్ళు ఊరికే తిరిగిపోతున్నాయి. ఎదురుగాలి లేదు, వెనకగాలీ లేదు. చెట్ల ఆకులు కదలడం లేదు. ఇది నా బలం కాదని నాకు తెలుసు. ముందురోజు ఇంతకంటే తక్కువ ఎత్తుకే నేను మూడుసార్లు దిగాను.

తొక్కడం ఆపి చూశాను. సైకిలు ఆగలేదు. కళ్ళెదుట రోడ్డు పైకి వెళ్తోంది, నేను కాళ్ళు కదపకుండా దాని మీద పైకి వెళ్తున్నాను.

బ్రేకు వేసి దిగాను. దిగి, సైకిలు పక్కన పడేసి, "ఆపండి!" అని అరిచాను.

మా ఆయన, గైడు ఆగారు. వెనక వ్యాను కూడా ఆగింది.

"దీంట్లో మోటారు పెట్టించారు" అన్నాను.

"ఏంటీ?" అన్నారు మా ఆయన. ఆయన మొహం తెల్లబోయింది. అది చూసి నా అనుమానం ఖాయమైంది.

"పెళ్ళి అని చెప్పి ఆపరేషను చేయించిన మనిషి కదా. కొండ ఎక్కిస్తానని చెప్పి బ్యాటరీ మీద తోసేస్తున్నారు. నేను కనుక్కోలేననుకున్నారా?"

"నీ సైకిల్లో ఏమీ లేదు. నన్ను నమ్ము."

"ఎలా నమ్మాలండీ? తొక్కకుండా కొండ ఎక్కుతోంది ఇది!"

గైడుకు మా తెలుగు అర్థం కాక ఇద్దరి మొహాలూ చూస్తోంది. నేను ఇంగ్లీషులో అడిగాను. ఆ అమ్మాయి నవ్వాపుకుంటూ, "అమ్మా, ఇక్కడ రోడ్డు కిందికి దిగుతోంది" అంది.

"కిందికా? నాకు కళ్ళు లేవనుకున్నావా?"

అప్పుడు చూశాను రోడ్డు పక్కన కాలువ. సిమెంటు బోదె, మూరెడు వెడల్పు. అందులో నీళ్ళు నిండుగా, చురుగ్గా, మాతోపాటే కొండవైపుకు వెళ్తున్నాయి. నాకు ఇంకో అనుమానం పుట్టింది. మా కృత్తివెన్ను వైపు రొయ్యల చెరువులకు నీళ్ళు పైకి ఎక్కించాలంటే ఇంజన్లు పెట్టి తోడతారు.

"ఇంజను ఎక్కడ పెట్టారు? ఎక్కడినుంచి తోడుతున్నారు?" అన్నాను.

"ఇంజను లేదమ్మా. ఊట నీళ్ళు, వాటంతట అవే వస్తాయి."

వదిన వ్యాను కిటికీలోంచి తల బయటపెట్టింది. "ఏంటే ఆలస్యం? కొండ పారిపోతుందా?"

"ఇక్కడ నీళ్ళు ఎత్తుకు పారుతున్నాయట వదినా."

"లస్కరు కూతురివి, నీకు నేను చెప్పాలా? పరక వెయ్యి."

వంగి ఒక ఎండుటాకు తీసి కాలువలో వేశాను. అది ఆగకుండా, తడబడకుండా, కొండవైపు పరుగెత్తింది. రోడ్డునూ ఆకునూ మార్చి మార్చి చూశాను. కళ్ళు ఒకటి చెప్తున్నాయి, ఆకు ఇంకొకటి చెప్తోంది. ఎదురుగా ఉన్న పెద్ద కొండ వాలును చూసి కళ్ళు రోడ్డును కొలుస్తాయని, తెలియనివాళ్ళందరికీ ఈ చోట ఎక్కుతున్నట్టే ఉంటుందని, ఇంకో రెండు మలుపుల తర్వాత నిజమైన ఎత్తు మొదలవుతుందని గైడు చెప్పింది. కొండల్లో పుట్టినవాళ్ళకు కాళ్ళు చెప్తాయట. మేం పుట్టిన నేల మీద ఈ విద్య నేర్పే చోటే లేదు.

ఒప్పుకోవలసి వచ్చింది. ఆకును నమ్మాను. అయినా సగం మాత్రమే.

"సరే. మీ సైకిలు నాకివ్వండి, నాది మీరు ఎక్కండి. ఆ నిజమైన ఎత్తు దాకా వెళ్దాం. మోటారు ఉందో లేదో అక్కడ తేలిపోతుంది" అన్నాను.

మా ఆయన కదల్లేదు. "నా సీటు నీకు ఎత్తవుతుంది."

"దించుకుంటాను."

"గేర్లు వేరేగా ఉంటాయి."

"నేర్చుకుంటాను."

"ఎందుకు లేనిపోని..." అంటూ గైడు వైపు చూశారు. ఆ అమ్మాయి కాలువలోకి చూస్తోంది.

వ్యాను కిటికీలోంచి వదిన అంది, "ఇవ్వరా తమ్ముడూ. ఇచ్చెయ్యి. నేను ఇంక మొయ్యలేను."

ఏమి మొయ్యలేదో అప్పుడు అడగలేదు. ఆయన సైకిలు తీసుకుని, సీటు దింపించుకుని ఎక్కాను. రెండు మలుపులు దాటాక నిజంగానే రోడ్డు గోడలా లేచింది. పెడలు మీద కాలు ఆన్చానో లేదో, ఎవరో వెనకనుంచి నడుముకు చెయ్యి వేసి తోసినట్టు సైకిలు ముందుకు దూకింది. మళ్ళీ కాలు వేశాను. మళ్ళీ తోసింది. కింది గొట్టంలోంచి, తేనెటీగ గూటిలోంచి వచ్చినట్టు సన్నగా చప్పుడు.

ఆగి వెనక్కి చూశాను. నా సైకిలు మీద మా ఆయన పది గజాలు కూడా ఎక్కలేదు. దిగి, హ్యాండిలు పట్టుకుని వంగి నిలబడ్డారు. రుమాలు తడిసిపోయింది.

నేను దిగి నడిచి వెళ్ళాను. కోపం రాలేదు. లెక్క మొత్తం ఒక్కసారిగా కలిసింది. రోజూ నా ఎదురుగానే విటమిను మాత్రని చెప్పి వేసుకునే మాత్ర. పెన్షను కార్యాలయంలో పనుందని మే నెలలో ఒక్కరే విజయవాడ వెళ్ళొచ్చిన రోజు. వదిన జావా మోజు.

"ఏ డాక్టరు?" అన్నాను.

"గుండె డాక్టరు" అన్నారు.

రోడ్డు పక్క రాతి మీద కూర్చోబెట్టాను. వదిన నెమ్మదిగా వ్యాను దిగి వచ్చి తమ్ముడి వీపు రాసింది.

"నీకు చెప్పొద్దని నాచేత మాట తీసుకున్నాడే అమ్మాయ్. చెప్తే నువ్వు ప్రయాణం మానేస్తావట. సంగతి తెలిసిన మనిషి పక్కన లేకుండా వీణ్ణి పంపలేక నేనూ బయల్దేరాను. నా కీళ్ళు చూడు, నేను కొండలు చూసే మొహమా?"

"ఏం చెప్పాడు డాక్టరు? మొదటినుంచి చెప్పండి. మధ్యలో ఏదీ వదలొద్దు."

"గుండెకు వెళ్ళే నాళం ఒకటి సన్నబడిందన్నాడు. మాత్రలు రాశాడు. బల్లపరుపు నేల మీద నడవచ్చు, తొక్కచ్చు అన్నాడు. ఎత్తులు వద్దన్నాడు."

"ఇంకా?"

"మూడు నెలలకు మళ్ళీ రమ్మన్నాడు."

"మరి కొండకు ఎలా వచ్చారు?"

"మోటారున్న సైకిలయితే పరవాలేదన్నాడు."

"డాక్టరు అన్నాడా, మీరు అన్నారా?"

"నేను అన్నాను. ఆయన ఊఁ అన్నాడు."

"నన్ను మోసం చెయ్యనని మాటిచ్చారు నాకు."

"నీ విషయంలో చెయ్యలేదు కదా! నీ సైకిల్లో మోటారు పెట్టించలేదు. దారి తగ్గించలేదు. నీ కొండ నీకు అలాగే ఉంది."

ఆయన లెక్కలో నేనూ ఆయనా రెండు వేరువేరు ఖాతాలు. నా లెక్కలో ఎన్నడూ ఒక్కటే. నలభై ఏళ్ళుగా ఈ ఒక్క చోట మాకు జవాబులు కలవడం లేదు.

వెనక్కి పోదామన్నాను. ఆయన ఒప్పుకోలేదు. నువ్వు ఎక్కకపోతే నేను ఇంత అబద్ధం ఆడింది దండగ అన్నారు. చివరికి ఆయన్ని వ్యాను ఎక్కించాను. నన్ను ఎక్కిస్తారేమోనని నెలల తరబడి భయపడిన వ్యాను. వదిన జరిగి చోటిచ్చింది. డ్రైవరును నెమ్మదిగా పొమ్మని, కిటికీ తీసి ఉంచమని, ఆయన ఛాతీ మీద చెయ్యి వేసుకుంటే చాలు వెంటనే కిందికి తీసుకెళ్ళమని గైడు చేత చెప్పించాను. ఆ అమ్మాయి మీద మాత్రం నాకు కోపం వచ్చింది. మోటారు సంగతి తెలిసి నూనె వేస్తూ కూర్చుంది కదా. అది చెప్పేశాను. "ఆయన డబ్బు కట్టిన మనిషి అమ్మా, రహస్యం ఆయనది" అంది. "ఆయన పడిపోయి ఉంటే?" అన్నాను. ఆ అమ్మాయి తన సైకిలు నా సైకిలు పక్కకు తెచ్చుకుంది. ఆ తర్వాత పై దాకా నా పక్కనే ఉంది.

నేను నా సైకిలు మీద ఎక్కాను. ఎక్కువ దూరం తొక్కాను, కొంత నడిపించుకుంటూ వెళ్ళాను. పైకి వెళ్ళే కొద్దీ చెట్లు పోయాయి, నల్ల బూడిద మిగిలింది. దీపావళి మర్నాడు వీధిలో ఉండే వాసన గొంతులో పట్టుకుంది. ప్రతి మలుపులో కళ్ళు పైన ఆగి ఉన్న వ్యాను కోసం వెతికాయి. ఇది ఎత్తేనా, పల్లమా అని మళ్ళీ కళ్ళను నమ్మలేదు. కాళ్ళు చెప్పాయి.

పైన వ్యాను నీడలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు ఆయన. అగ్నిపర్వతం నోటి అంచు దాకా ఇద్దరం మెల్లగా నడిచాం. లోపల లోతుగా తెల్లటి పొగ లేస్తోంది. ఆ లోతు ఎంతో కోణం పట్టి కనుక్కోవచ్చు. ఆ రోజు నాకు బుద్ధి పుట్టలేదు.

"ఎలా ఉంది నీ కొండ?" అన్నారు.

"డాక్టరు ఇంకేమీ చెప్పలేదా?"

"అంతే. అన్నీ చెప్పేశాను."

ఆయన మొహం చూశాను. నమ్మాననీ అనను, నమ్మలేదనీ అనను. పరక వేసి చూసే కాలువ మనిషి మొహంలో ఉండదు.

గుడివాడ తిరిగి వచ్చిన మూడో రోజున విజయవాడ వెళ్ళాం. డాక్టరు గది దగ్గర నర్సు ఒక్కరే రావాలంది. మా ఆయనే, "ఈవిడ కూడా లోపలికే వస్తుందండీ" అన్నారు. లోపల కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, కిందటిసారి ఈయనకు చెప్పినవన్నీ నాకు మొదటినుంచి చెప్పమని డాక్టరుని అడిగాను. డాక్టరు కాగితాలు తిప్పి చెప్పాడు. నాళం సంగతి కలిసింది. ఎత్తుల సంగతి కలిసింది. మళ్ళీ రావలసిన గడువు మాత్రం మూడు నెలలు కాదు, ఒక నెల.

మా ఆయన గోడ మీది గుండె బొమ్మను శ్రద్ధగా చూస్తున్నారు.

మూడింటిలో రెండు. బడిలో అయితే పాసయినట్టే. తిరుగు ప్రయాణంలో కారు ఉయ్యూరు దాటింది, పామర్రు దాటింది. పామర్రు దాటాక, వచ్చే నెల డాక్టరుకు ఫోను నేనే చేస్తానని చెప్పాను. సరేనన్నారు. ఆ సరేను కూడా కాస్త తేలిగ్గానే అన్నట్టు అనిపించింది. అందుకని ఇంటికి వెళ్ళేదాకా ఆగకుండా కార్లోంచే ఆసుపత్రికి ఫోను చేసి వచ్చే నెల తేదీ రాయించేశాను.